మొదటి వింటేజ్ క్రోనోగ్రాఫ్ కొంటున్నారా? ముందు డయల్, తర్వాత మెషీను, పేరు ఆఖర్న

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "1960, 70ల నాటి క్రోనోగ్రాఫ్ ఒకటి కొనుక్కోవాలని ఉంది. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూస్తే అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. ఏది అసలుదో ఏది కాదో ఎలా పట్టుకోవాలి? మొదటి వాచీగా ఏది తీసుకుంటే నయం?" (క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి వాచీ.) దీంతోపాటు తెల్ల డయల్ మీద రెండు నల్ల చిన్న డయల్స్ ఉన్న ఒక వాచీ సంగతి కూడా అడిగారు. పేరెప్పుడూ విన్నది కాదట, అమ్మేవాళ్లు "ఈమధ్యే సర్వీసింగ్ అయింది" అని రాశారట. దాని గురించి కింద చెప్తాను.

ముందు సూటిగా జవాబు. లోపలి మెషీను ఫొటో చూపించని వాచీ కొనకండి. డయల్‌కి మళ్లీ రంగేసిన వాచీ కొనకండి. నచ్చకపోతే వెనక్కి తీసుకోనన్న మనిషి దగ్గర కొనకండి. ఈ మూడూ గట్టిగా పట్టుకుంటే మొదటి కొనుగోలులో దెబ్బతినే అవకాశం చాలావరకు తగ్గిపోతుంది. మోడలే చెప్పమంటే, వాల్జూ అనే కంపెనీ చేసిన 7733 లేదా 7734 మెషీను ఉండి పెద్దగా పేరులేని స్విస్ వాచీ, లేదంటే సీకో 6139. స్పీడ్‌మాస్టర్, డేటోనా, పాత హోయర్ లాంటి పేరున్న ఖరీదైన వాటి జోలికి మొదటి వాచీకే పోవద్దు. అవి మంచివి కాక కాదు, డబ్బు ఎక్కువున్న చోటే కేటుగాళ్లూ ఎక్కువ ఉంటారు కాబట్టి.

ఇక వివరంగా. వింటేజ్‌లో నకిలీ అనగానే చాలామందికి మొత్తం వాచీయే దొంగదేమో అన్న భయం. అలాంటివీ ఉన్నాయి గానీ, రిపేరు బల్ల మీదికి వచ్చేవాటిలో నేను ఎక్కువగా చూసేది వేరే రకం. మెషీను అసలుదే, కేసు అసలుదే, కానీ అవి పుట్టింది వేర్వేరు వాచీల్లో. లేదా అంతా అసలుదే గానీ డయల్ ఒక్కటీ ఎవరో మళ్లీ రంగేసి, అక్షరాలు అచ్చు వేసి కొత్తదిలా చేశారు. లేదా పాత పేరు రాసిన డయల్ కింద నిన్నమొన్నటి మెషీను. అతుకుల బొంతలాంటి వాచీని కలెక్టర్లు ఫ్రాంకెన్ అంటారు. అందుకే వాచీని చూసేటప్పుడు "ఇది అసలుదా?" అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా డయల్, ముళ్లు, మెషీను, కేసు, బటన్లు ఒక్కొక్కటిగా తీసుకుని, ఇవన్నీ మొదటి నుంచీ కలిసి ఉన్నవేనా అని అడగాలి.

ఇదేదో చిన్నవాళ్లకే జరిగే మోసం అనుకోకండి. 2021 నవంబర్‌లో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో ఒమేగా స్పీడ్‌మాస్టర్ 2915-1 ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమేగా సంస్థే, తమ మ్యూజియం కోసం. తీరా 2023లో ఆ వాచీ రకరకాల భాగాలు కలిపి కూర్చినదని, అందులో తమ మాజీ ఉద్యోగుల పాత్ర ఉందని ఆ సంస్థే ప్రకటించింది. తయారుచేసిన కంపెనీకే అలా జరిగినప్పుడు, ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూసి "ఇది పక్కా" అని మీకు మీరు సర్టిఫికెట్ ఇచ్చుకోకండి.

డయల్ సంగతి

వింటేజ్ వాచీ విలువలో సింహభాగం డయల్‌దే. మెషీను పాడైతే బాగుచేయొచ్చు, గాజు పోతే మార్చొచ్చు, డయల్ చెడితే మాత్రం మళ్లీ పాతది కాదు. కాబట్టి మీ సమయం కూడా ఎక్కువ దీనికే ఇవ్వండి.

క్రోనోగ్రాఫ్‌లో రీడయల్‌ని, అంటే మళ్లీ రంగేసిన డయల్‌ని, పట్టుకోవడం మామూలు వాచీ కంటే నిజానికి తేలిక, ఎందుకంటే చిన్న డయల్స్ ఉంటాయి. చాలా అసలు డయల్స్‌లో ఆ చిన్న వలయాలు కాస్త లోపలికి దిగి ఉంటాయి, వాటి అడుగున సన్నటి గీతలు, పాత గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఉంటాయి. వాచీని దీపం కింద అటూ ఇటూ వంచితే ఆ గీతల మీద వెలుగు ముక్కలా తిరగాలి. రీడయల్ చేసేవాళ్లు పాత రంగు తీసేసి కొత్త రంగు వేసినప్పుడు ఆ గీతలు రంగుతో పూడిపోతాయి. అంచు కూడా మెత్తబడుతుంది. భూతద్దంలో చూస్తే చిన్న డయల్ అంచు కత్తితో కోసినట్టు ఉందా, రంగు కారి గుండ్రమైందా అన్నది వెంటనే తెలిసిపోతుంది. అమ్మేవాళ్లని ఈ ఒక్క ఫొటో అడగండి: చిన్న డయల్ దగ్గరగా, పక్క నుంచి వెలుగు పడేలా. (అన్ని డయల్స్‌కీ ఈ గీతలు ఉండవు, కొన్ని మొదటి నుంచీ నున్నగానే ఉంటాయి. అందుకే అదే మోడల్ వాచీలు నాలుగైదు వేరే చోట్ల చూసి పోల్చుకోండి.)

తర్వాత అక్షరాలు. అసలు అచ్చులో గీత మందం అంతటా ఒకేలా ఉంటుంది, అక్షరం అంచు పదునుగా ఉంటుంది. రీడయల్‌లో అక్షరాలు కాస్త ఉబ్బి ఉంటాయి, పేరు మధ్యలోకి సరిగ్గా రాదు, సెకన్ల గీతలు గంటల గుర్తులకి అటో ఇటో జరుగుతాయి. డయల్ అట్టడుగున ఆరు అంకె కింద "స్విస్" అనో "స్విస్ మేడ్" అనో ఉండే చిన్న రాత చూడండి. రీడయల్ చేసినవాళ్లు దాన్ని మర్చిపోతారు, లేదా మరీ పైకి వేస్తారు. చాలా వాటిల్లో అటూ ఇటూ టీ అనే ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది, చీకట్లో మెరిసే పదార్థంలో ట్రిటియం ఉందని దాని అర్థం.

ఆ టీ అక్షరం నుంచి మంచి పరీక్ష ఒకటి వస్తుంది. ట్రిటియం అర్ధాయువు సుమారు 12.3 ఏళ్లు. అంటే యాభై ఏళ్లు దాటిన వాచీలో మొదట్లో ఉన్నదాంట్లో పదహారో వంతు కూడా మిగలదు. అలాంటి డయల్ టార్చి వెలుగు చూపించి తీసేశాక ఒక్క క్షణం మిణుకుమంటే మిణుకుమనొచ్చు గానీ, నిమిషాల తరబడి ఆకుపచ్చగా వెలుగుతోందంటే ఎవరో కొత్త పదార్థం పూశారని లెక్క. ముళ్ల మీది రంగు, డయల్ మీది రంగు కూడా పోల్చండి. డయల్ చుక్కలు లేత గోధుమ రంగులోకి తిరిగి ముళ్లు మాత్రం తెల్లగా మెరుస్తుంటే ముళ్లు మార్చారన్నమాట. మార్చినంత మాత్రాన వాచీ పనికిరాదని కాదు, ధర ఆ మేరకు తగ్గాలి, అంతే.

ఒక జాగ్రత్త. 1960లకు ముందు వాచీల్లో వాడింది రేడియం. దాని అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్లు, మెరుపు పోయినా రేడియోధార్మికత పోదు. గాజు మూసి ఉన్నంతవరకు ఊరికే టెన్షన్ పడక్కర్లేదు గానీ, మీరే విప్పి గోకడం, పొడి ఊదడం లాంటివి చేయకండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

నావరకు, పాతబడి మచ్చలు పడ్డ అసలు డయల్ ఒకటి, తళతళలాడే రీడయల్ ఒకటి పక్కపక్కన పెడితే ఆలోచించకుండా మచ్చలదే తీసుకుంటాను. కొత్తగా వచ్చేవాళ్లు దీనికి రివర్సులో పోతారు. అమ్మేవాళ్లకి ఆ సంగతి తెలుసు, అందుకే రంగేస్తారు.

మెషీను సంగతి

అప్పట్లో పెద్ద పేర్లలో కూడా చాలా కంపెనీలు క్రోనోగ్రాఫ్ మెషీను సొంతంగా చేసేవి కావు. వాల్జూ, వీనస్, లాండెరాన్, లెమానియా లాంటి తయారీదారుల దగ్గర కొని తమ కేసులో బిగించేవి. వాల్జూ 72 మెషీనే రోలెక్స్ డేటోనాల్లోనూ ఉంది, హోయర్ కెరీరాల్లోనూ ఉంది, ఇప్పుడు ఎవరికీ గుర్తులేని పేర్ల వాచీల్లోనూ ఉంది. పాత బ్రైట్లింగ్ నావిటైమర్‌లో నడిచిన వీనస్ 178 కూడా అలాగే ఎన్నో కేసుల్లోకి వెళ్లింది. పేరులేని వాచీ అంటే నాసిరకం అనుకోవద్దనడానికి కారణం ఇదే. మీరు డబ్బిచ్చేది లోపలి మెషీనుకీ, పైనున్న డయల్‌కీ అనుకుంటే సగం గందరగోళం పోతుంది.

మెషీను నంబరు సాధారణంగా బ్యాలెన్స్ వీల్ (అటూ ఇటూ ఊగే చక్రం) కింద, అడుగు ప్లేటు మీద చిన్నగా కొట్టి ఉంటుంది. ఫొటోలో అది కనిపించాలి. కనిపించాక ఆ నంబరుకీ, అమ్మేవాళ్లు చెప్పే కాలానికీ, డయల్‌కీ పొత్తు కుదురుతుందో లేదో చూడండి. ఉదాహరణకు ఒమేగా స్పీడ్‌మాస్టర్‌లో 321 మెషీను పోయి 861 వచ్చింది 1968 ప్రాంతంలో. "1965 నాటిది" అని చెప్పి లోపల 861 చూపిస్తే ఎక్కడో ఏదో అతికించారు.

ఇంకో తిరకాసు చైనా మెషీనుతో వస్తుంది. వీనస్ 175 తయారుచేసే యంత్రాలని చైనా 1960ల మొదట్లో కొనుక్కుంది, ఆ వంశంలోదే ఇప్పటికీ తయారవుతున్న సీగల్ ఎస్‌టీ19. మెషీను మంచిదే, దాని మీద నాకే కోపమూ లేదు. దాన్ని తెచ్చి పాత స్విస్ పేరున్న డయల్ కింద బిగించి వింటేజ్ అని అమ్మడంతోనే గొడవ. గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు: నీలం రంగు స్క్రూలు, బంగారు రంగు చక్రాలు, ప్లేట్ల మీద చారలు, ఎక్కడా అరుగుదల లేకుండా అంతా మరీ శుభ్రంగా. పైగా పాత వీనస్ గంటకి 18,000 సార్లు కొట్టుకుంటే ఎస్‌టీ19 చాలావరకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, టైమ్‌గ్రాఫర్ (టిక్‌టిక్ విని వేగం కొలిచే యంత్రం) మీద పెడితే క్షణంలో బయటపడుతుంది.

క్రోనోగ్రాఫ్‌ని మొదలుపెట్టి ఆపే ఏర్పాటు క్యామ్ రకమా, కాలమ్ వీల్ రకమా అని అందరూ అడుగుతారు. కాలమ్ వీల్ అంటే కోట బురుజులా పైకి పళ్లు లేచిన చిన్న చక్రం, బటన్ నొక్కితే మెత్తగా దిగుతుంది. క్యామ్ రకంలో పలుచటి పలక ఒకటి అటూ ఇటూ జరుగుతుంది, బటన్ కాస్త గట్టిగా ఉంటుంది. కాలమ్ వీల్‌కి ఖరీదు ఎక్కువ, గౌరవమూ ఎక్కువే. మొదటి వాచీకి మాత్రం క్యామ్ చాలు. రిపేరు చేసేవాళ్లకి తేలిక, వాల్జూ 7730 కుటుంబానికి విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

లాండెరాన్ 48 గురించి ఒక మాట చెప్పకపోతే ఎవరో ఒకరు మంచి వాచీని పాడైందని వెనక్కి పంపేస్తారు. ఆమధ్య ఒకాయన అలాగే తెచ్చారు: "పై బటన్ నొక్కితే మొదలవుతుంది, మళ్లీ అదే నొక్కితే ఆగట్లేదు, ఇంకా గట్టిగా నొక్కి చూశాను" అన్నారు. ఆ మెషీను తీరే అంత. పై బటన్ మొదలుపెట్టడానికి మాత్రమే, కింది బటన్ ఒకసారి నొక్కితే ఆగుతుంది, రెండోసారి నొక్కితే ముళ్లు సున్నాకి వస్తాయి. వాచీకి ఏమీ కాలేదు, ఆయన ఇంకో రెండు రోజులు గట్టిగా నొక్కి ఉంటే అయ్యేది.

కేసు

దీని మీద ఎక్కువ చెప్పను. కాళ్లు, అంటే పట్టీ తగిలించే కొమ్ముల అంచులు పదునుగా ఉండాలి. పాలిష్ పట్టీ పట్టీ సబ్బుబిళ్లలా అరిగిపోయిన కేసుని మళ్లీ పెంచడం కుదరదు. వెనక మూత మీద స్టీలు అని రాసి ఉందని మొత్తం స్టీలే అనుకోకండి. చాలా వాటిల్లో ఆ రాత వెనక మూతకి మాత్రమే వర్తిస్తుంది, కేసు ఇత్తడి మీద క్రోమ్ పూతే. చెమట తగిలే చోట, కొమ్ముల లోపలి వైపు, పూత లేచి పసుపు రంగు కనబడుతుంది. అందుకే పట్టీ తీసేసి ఫొటో పంపమనండి. "వాటర్‌ప్రూఫ్" అని ఎంత పెద్దగా రాసి ఉన్నా, ఇన్నేళ్ల తర్వాత చేతులు కడుక్కునేటప్పుడు కూడా నమ్మొద్దు.

చేతికొచ్చాక చేసే పరీక్ష

కీ పూర్తిగా ఇచ్చి మొదలుపెట్టండి. సెకన్ల ముల్లు కదలగానే చిన్నగా గెంతితే భయపడకండి, పాత మెషీన్లలో పళ్లచక్రాలు పక్క నుంచి వచ్చి కలుసుకుంటాయి కాబట్టి ఆ మాత్రం గెంతు మామూలే. నిమిషాల ముల్లు ప్రతి నిమిషానికీ కదులుతోందా అని కనీసం ముప్పై నిమిషాలు నడిపించండి. అమ్మేవాళ్లు వీడియోలో పది సెకన్లు నడిపి ఆపేస్తారు, అసలు జబ్బు ఆ తర్వాతే బయటపడుతుంది. క్రోనోగ్రాఫ్ మొదలుపెట్టగానే వాచీ మొత్తం నీరసపడి ఆగిపోతే లోపల నూనె ఎండిపోయిందనో, స్ప్రింగు బలహీనపడిందనో అర్థం.

ఇప్పుడు ఆపి సున్నాకి తెండి, ఇదే ఓ పదిసార్లు చేయండి. ముల్లు ప్రతిసారీ పన్నెండుకి ఒక సెకను పక్కన, అదే చోట ఆగుతోందనుకోండి, ముల్లు బిగించడంలో తేడా, చిన్న పని. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఆగుతుంటే మాత్రం ముల్లు వదులైందో, లోపల సుత్తిలాంటి భాగం అరిగిందో, అది ఖర్చుతో కూడిన వ్యవహారం. క్రోనోగ్రాఫ్ నడుస్తుండగా సున్నా బటన్ నొక్కకండి. కొన్ని మెషీన్లు ఫ్లైబ్యాక్ రకం, అలా నడుస్తుండగా నొక్కడానికే చేసినవి. మీది ఆ రకమేనని పక్కాగా తెలిస్తే తప్ప వద్దు.

టైమ్‌గ్రాఫర్ రీడింగ్ అడిగితే చాలామంది ఇస్తున్నారిప్పుడు. కీ పూర్తిగా ఇచ్చాక, వాచీ వెల్లకిలా ఉన్నప్పుడు ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ వీల్ ఎంత మేర ఊగుతోందన్న కొలత) 250 డిగ్రీలు దాటితే ఆ వయసుకి బాగున్నట్టే. క్రోనోగ్రాఫ్ నడుస్తున్నప్పుడు కొంత పడిపోతుంది, అది సహజం. 200 కంటే కింద ఉంటే సర్వీసింగ్ ఖర్చు ధరలోంచి తీసి మాట్లాడండి.

ఆ ఖర్చు మాట వచ్చింది కాబట్టి: క్రోనోగ్రాఫ్ సర్వీసింగ్ మామూలు వాచీకి అయినట్టు అవ్వదు, రెండు మూడు రెట్లు ఉంటుంది, భాగాలు ఎక్కువ, సర్దుబాట్లు ఎక్కువ. మీ బడ్జెట్‌లో మూడో వంతు పక్కన పెట్టి మిగతాదాంతో వాచీ వెతకండి. ఇంకా ముఖ్యం, కొనకముందే క్రోనోగ్రాఫ్ విప్పడం వచ్చిన మనిషిని చూసి పెట్టుకోండి. అందరికీ రాదు.

మరి ఏది కొనాలి

వాల్జూ 7733 అంటే కీ ఇచ్చేది, రెండు చిన్న డయల్స్. 7734 అంటే అదే, తేదీ అదనం. 1970ల్లో లెక్కలేనన్ని చిన్న పేర్ల మీద వచ్చాయి, డయల్స్ కూడా రంగురంగులుగా భలే ఉంటాయి. వీటి చుట్టమే రష్యా పోల్యోత్ 3133, అది 7734 నుంచి వచ్చిందే. గట్టిది, కానీ దానికీ డయల్స్, ముళ్లు మార్చి "అరుదైనది" అని అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు.

సీకో 6139 కథ వేరు. 1969లో వచ్చిన మొదటితరం ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్‌లలో అదొకటి, కాలమ్ వీల్, నిలువు క్లచ్ (చక్రాలు పక్క నుంచి కాక పైనుంచి కలుసుకునే ఏర్పాటు), కాబట్టి మొదలుపెట్టగానే ముల్లు గెంతదు. వ్యోమగామి కల్నల్ విలియం పోగ్ అమెరికా అంతరిక్ష యాత్ర స్కైల్యాబ్ 4లో పెట్టుకెళ్లింది ఈ 6139లోని పసుపు డయల్ రకమే, అందుకే ఆ రకానికి ఆయన పేరే పడింది. దీనికి కీ తిప్పి ఇవ్వడం ఉండదు, చేతికి పెట్టుకుని కదిలితేనే నిండుతుంది. మామూలు సెకన్ల ముల్లు కూడా ఉండదు, కాబట్టి "సెకన్ల ముల్లు ఆగిపోయి ఉంది" అని బేరం ఆపకండి. తయారైన కాలం వెనక మూత మీది సీరియల్ నంబర్లో ఉంటుంది: మొదటి అంకె ఏడాది ఆఖరి అంకె, రెండోది నెల. 6139 వచ్చింది 1969 నుంచి 70ల చివరి వరకు కాబట్టి మొదట 3 ఉంటే 1973. ఆ ఏడాదికీ డయల్‌కీ పొత్తు చూడండి. నీళ్ల గురించి డయల్ మీద "ప్రూఫ్" అనే మాట ఉండేది 1970 ప్రాంతం వరకే, తర్వాత "రెసిస్ట్" అయింది. 1975 సీరియల్ మీద ప్రూఫ్ డయల్ కనిపిస్తే ఎవరో మార్చారు. వీటికి బయట తయారైన కొత్త డయల్స్ కుప్పలుగా దొరుకుతాయి, అట్టడుగున ఉండే సన్నటి కోడ్ రాత వాటిల్లో చెదిరినట్టు ఉంటుంది, లేదా ఉండనే ఉండదు.

బంగారం మీద మోజుంటే ఒక హెచ్చరిక. డయల్ మీద "క్రోనోగ్రాఫ్ సూయిస్" అని మాత్రమే రాసి, పెద్ద 18 క్యారెట్ల కేసుతో కనిపించేవి ఒకప్పుడు ఎక్కువగా టూరిస్టుల కోసం చేసినవి. బంగారం నిజమే గానీ రేకంత పలుచన, గట్టిగా నొక్కితే సొట్ట పడుతుంది. ఫొటోలో చాలా దర్జాగా ఉంటాయి.

ఇక మీరడిగిన తెల్ల డయల్ వాచీ. నల్ల చిన్న డయల్స్ ఉన్న తెల్లవాటిని పాండా అంటారు, అందరికీ అవే కావాలి, కాబట్టి మామూలు డయల్‌ని పాండాగా మార్చడం చాలా ఎక్కువ. మీరు పంపిన ఫొటోలో నల్ల వలయాల లోపల గీతలు నాకు కనపడలేదు, అంచు కూడా మెత్తగా ఉంది, పైగా కుడి వలయంలో 15 అంకె కాస్త పక్కకి ఒరిగినట్టుంది. రీడయలే అని నా అనుమానం, గాజు మెరుపు వల్ల తేల్చి చెప్పలేను. "ఈమధ్యే సర్వీసింగ్" అన్న మాటకి బిల్లు గానీ, పని చేసిన మనిషి వివరం గానీ లేకపోతే విలువ ఇవ్వకండి. మూడు ఫొటోలు అడగండి: మూత తీసి మెషీను, పట్టీ తీసి కొమ్ములు, పక్క వెలుగులో చిన్న డయల్. పంపితే ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. "మూత తీస్తే పాడవుతుంది" అని జవాబొస్తే వదిలేయండి. సర్వీసింగ్ చేసినప్పుడు తీశారుగా.